టన్ను లెక్కా, పని లెక్కా: సేవల బాట పట్టిన కర్మాగారాలూ సుస్థిరతా

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో కాపురమున్న తెలుగు కుటుంబాలకు కుళాయి నీళ్లు, కరెంటు, చెత్త బండి, మురుగు కాలువ అన్నీ ఉక్కు కర్మాగారం వైపు నుంచే వస్తాయి. 1907లో పుట్టిన టాటా స్టీల్ ఊరి పనులను దశాబ్దాల పాటు సొంత టౌన్ విభాగంతోనే చేయించింది. 2004లో ఆ విభాగాన్ని జుస్కో పేరుతో విడి కంపెనీ చేసింది. 2020లో దాని పేరు టాటా స్టీల్ యుటిలిటీస్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసెస్‌గా మారినా జనం నోట ఇంకా జుస్కోయే. వస్తువు చేసేవాడే సేవా అందించడం ఈ ఊరికి కొత్త కాదు. ఇదే పద్ధతి భూమ్మీద భారం తగ్గిస్తుందని మేనేజ్‌మెంట్ పండితులు, పర్యావరణవేత్తలు, కంపెనీల నివేదికలు ఏకకంఠంతో చెప్పడం మాత్రం కొత్త.

ఆ వాదం సూటిగానే ఉంటుంది. యంత్రాన్ని అమ్మేసే కంపెనీకి అది త్వరగా పాడైతేనే లాభం, ఎందుకంటే మళ్లీ ఇంకోటి అమ్ముడవుతుంది. యంత్రాన్ని తన దగ్గరే ఉంచుకుని అది చేసే పనికి మాత్రమే డబ్బు తీసుకుంటే, అది ఎంత కాలం మన్నితే అంత లాభం. మన్నిక పెరిగితే గనుల్లో తవ్వేది తగ్గుతుంది, కొలిమిలో కాల్చేదీ తగ్గుతుంది. వినడానికి బాగానే ఉంది గానీ ఇరవై ఏళ్లకు పైగా సాగిన పరిశోధన దీన్ని పూర్తిగా సమర్థించలేదు, పూర్తిగా కొట్టిపారేయనూ లేదు. ఎవరి మాట ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చూడడానికి ఉక్కు పట్నం కంటే అనువైన చోటు లేదు.

రెండు పాయలు

ఈ చర్చ రెండు వేర్వేరు చోట్ల మొదలైంది. మొదటిది వ్యాపారపు పాయ. 1962లో బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ తన వైపర్ విమాన ఇంజన్లకు ఎగిరిన గంటల లెక్కన రుసుము తీసుకుని నిర్వహణ భారమంతా తానే మోసే పద్ధతి తెచ్చింది. తర్వాత ఆ కంపెనీ రోల్స్ రాయిస్‌లో కలిసింది, పద్ధతీ దానితో పాటే వెళ్లింది. 1988లో సాండ్రా వాండర్‌మెర్వ్, హువాన్ రాడా అనే ఇద్దరు పరిశోధకులు ఈ ధోరణికి సర్విటైజేషన్ అని పేరు పెట్టారు. వాళ్ల వ్యాసంలో పర్యావరణం ఊసు లేదు. పోటీదారుడు అందుకోలేని లాభం ఎలా సంపాదించాలన్నదే వాళ్ల ప్రశ్న.

రెండోది పర్యావరణపు పాయ. 1976లో వాల్టర్ స్టాహెల్, జనవీవ్ రెడే-మల్వే ఐరోపా కమిషన్‌కు ఒక నివేదిక ఇచ్చారు. శక్తి బదులు మనిషి శ్రమను వాడుకోవచ్చా అన్నది దాని విషయం. అందులోని ఒక గమనిక ఈ ఊరికి నేరుగా తగులుతుంది. పరిశ్రమలు వాడే శక్తిలో సుమారు మూడు వంతులు ఉక్కు, సిమెంటు వంటి ముడిసరుకుల తయారీకే పోతుంది, వాటితో వస్తువులు చేయడానికి ఒక వంతే సరిపోతుంది. శ్రమ విషయంలో ఇది తలకిందులు, ఎక్కువ మందికి పని దొరికేది వస్తువుల తయారీ దగ్గరే. కాబట్టి వస్తువును బాగుచేసి ఆయుష్షు పెంచితే శక్తి మిగులుతుంది, పని పెరుగుతుంది అన్నారు. జంషెడ్‌పూర్ పటం మీద చూస్తే ఆ మూడు వంతుల శక్తి తాగేది బ్లాస్ట్ ఫర్నేసులు. ఆ పని దొరకాల్సింది ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్ వర్క్‌షాపుల్లో.

1999లో నెదర్లాండ్స్‌లో గుడ్‌కూప్ బృందం, 2002లో స్వీడన్ నుంచి ఒక్సానా మోంట్ వస్తువునూ సేవనూ కలిపి ఒకే వ్యవస్థగా చూసే ఆలోచనకు రూపమిచ్చారు. అప్పటి నుంచే రెండు పాయలూ కలిశాయి, చిక్కూ అప్పుడే పడింది. లాభం కోసం పుట్టిన పద్ధతికి పర్యావరణం కోసం పుట్టిన పద్ధతి గుణాలన్నీ ఉంటాయని చాలామంది అనుకున్నారు. నేటి కంపెనీ నివేదికల్లో కనిపించే అతి నమ్మకానికి మూలం ఈ కలగాపులగమే.

మూడు మెట్లు

చిక్కు విప్పడానికి ఇప్పటికీ ఎక్కువగా పనికొచ్చేది 2004లో ఆర్నాల్డ్ టక్కర్ చేసిన వర్గీకరణ. అందులో సేవలు మూడు మెట్లు.

మొదటి మెట్టులో వస్తువు కొనుక్కున్నవాడిదే, దాని వెంట సేవ వస్తుంది. జంషెడ్‌పూర్‌లో తయారయ్యే టాటా మోటార్స్ లారీకి వార్షిక నిర్వహణ ఒప్పందం, ఇంజన్ పాడైతే ప్రోలైఫ్ పథకం కింద రీకండిషన్ చేసిన ఇంజన్‌తో మార్పిడి, లారీ ఎక్కడుందో, డీజిలు ఎంత తాగుతోందో చూపే ఫ్లీట్ ఎడ్జ్ వంటివన్నీ ఈ కోవలోవే. రెండో మెట్టులో వస్తువు కంపెనీది, వాడకం మనది: లీజు, అద్దె, ఉమ్మడి వాడకం. మూడో మెట్టులో కొనేది ఫలితాన్నే. బస్సు బదులు కిలోమీటరు, కంప్రెసర్ బదులు గాలి, వేడిని తట్టుకునే ఇటుకల బదులు వాటి మీదుగా పారి వచ్చిన ఉక్కు.

టక్కర్ తేల్చినది ఆనాటి ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. మొదటి రెండు మెట్ల వల్ల పర్యావరణానికి దక్కేది స్వల్పం. లీజులో ఒక్కోసారి నష్టం కూడా ఉండొచ్చు, ఎందుకంటే తనది కాని వస్తువును మనిషి జాగ్రత్తగా వాడడు. పెద్ద మార్పుకు అవకాశమున్నది మూడో మెట్టులో, అదీ ఫలితాన్ని ఏ పద్ధతిలో సాధించాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ సరఫరాదారుకు ఉన్నప్పుడే. 2015లో ఆయనే మరోసారి సాహిత్యమంతా తిరగేసినప్పుడు ఈ ముగింపును సడలించాల్సిన అవసరం కనిపించలేదు. ఇన్నేళ్లయినా మొదటి మెట్టు సేవలను చూపించి మూడో మెట్టు ఫలితాలు చెప్పుకునే అలవాటు పోలేదు. ఏ కంపెనీ నివేదిక చదివినా ముందు అడగాల్సింది, ఇది ఏ మెట్టు అని.

లాడిల్ లోపల

మూడో మెట్టు ఎలా పనిచేస్తుందో ఉక్కు పరిశ్రమలోనే దగ్గరగా చూడొచ్చు. కన్వర్టర్ నుంచి కరిగిన ఉక్కును పట్టుకుని క్యాస్టింగ్ యంత్రం దాకా మోసే పెద్ద బాల్చీ లాడిల్. దాని లోపలి గోడకు వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ ఇటుకలు పేరుస్తారు. ఉక్కు మీద స్లాగ్ అనే మడ్డి తేలే ఎత్తులో ఉండేవి మెగ్నీషియా-కార్బన్ ఇటుకలు, ముందు అరిగేవీ అవే. కొన్ని పదుల హీట్ల (ఒక్కో విడత ఉక్కును హీట్ అంటారు) తర్వాత లైనింగ్ పలచబడుతుంది. అప్పుడు లాడిల్‌ను పక్కకు తీసి, పాత ఇటుకలు పగలగొట్టి, కొత్తవి పేరుస్తారు. మెగ్నీషియా తయారీలో రాయిని కాల్చడం వల్లే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. మనకు కావలసిన మెగ్నీషియాలో పెద్ద భాగం చైనా నుంచి ఓడల్లో రావాలి.

ఇటుకలను టన్నుల్లో కొన్నంత కాలం సరఫరాదారు లాభం అరుగుదలలోనే ఉంటుంది. తయారైన ఉక్కు టన్నుకు ఇంత అని గుత్త మాట్లాడుకుంటే లెక్క తిరగబడుతుంది. ఇటుకలు, కూర్పు, మరమ్మతు అన్నీ సరఫరాదారు భారమే. ఒక లైనింగ్ మీద ఇంకో పది హీట్లు లాగగలిగితే ఆ మిగులూ అతనిదే. అందుకే అతని మనుషులు షిఫ్టుల్లో ఉండి, అరిగిన చోట గన్నింగ్‌తో పూత వేస్తారు, స్లాగ్‌లో మెగ్నీషియా పాలు తగ్గకుండా చూడమని ఒత్తిడి తెస్తారు, చల్లారిన లాడిల్‌ను సరిగ్గా వేడి చేయకుండా ఉక్కు పొయ్యొద్దని పట్టుబడతారు. విశాఖలోనూ ప్లాంట్లున్న వెసూవియస్, ఆర్‌హెచ్‌ఐ మ్యాగ్నెసిటా వంటి కంపెనీలు ఇటుక అమ్మకంతో పాటు ఇలాంటి నిర్వహణ ఒప్పందాలకూ వచ్చాయి. ఆశావాదుల వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం విమాన ఇంజన్లలో కూడా దొరకదు.

కానీ ఇక్కడే రెండు లోపాలు కూడా బయటపడతాయి. లైనింగ్ ఆయుష్షు ఇటుక ఒక్కదాని చేతిలో లేదు. ఉక్కు ఎంత వేడిగా పోశారు, లాడిల్‌లో ఎంతసేపు నిలబెట్టారు అన్నవి ప్లాంటు చేతిలోవి. తప్పెవరిదో తేలాలంటే ప్రతి హీటు వివరాలూ ఇరువైపులా పంచుకోవాలి. అంత నమ్మకం లేని చోట ఒప్పందం తగాదాల్లోకి దిగుతుంది. ఇక పగలగొట్టిన పాత ఇటుకల సంగతి. వాటిని ఏరి, పొడిచేసి, మళ్లీ ఇటుకల్లో కలపొచ్చు. ఆ బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయకపోతే అవి కుప్పగా మిగిలిపోతాయి. టన్ను గుత్త అరుగుదలను తగ్గిస్తుందే గాని వ్యర్థం ఏమవుతుందో దానంతటది పట్టించుకోదు.

కర్మాగారం పక్కనే లిండే ఇండియా గాలిని విడగొట్టే ప్లాంట్లు పెట్టి గొట్టాల ద్వారా ఆక్సిజన్ అందించడమూ ఇదే వరస. టాటా స్టీల్ యంత్రాన్ని కొనదు, వాయువును కొంటుంది. ప్లాంటును బాగా నడపగల నేర్పు ఉన్నవాడే నడుపుతాడు కాబట్టి కరెంటు ఆదా అవుతుందన్నది నిజం. అయితే ప్రపంచమంతటా ఇలాంటి సరఫరాల్లో, వాడినా వాడకపోయినా కనీసం ఇంతకు డబ్బు కట్టాలన్న షరతు మామూలు. పెట్టుబడి పెట్టినవాడికి ఆ భరోసా కావాలి, అందులో తప్పు లేదు. ఆ షరతు ఉన్న మేరకు కొనేవాడికి పొదుపు మీద ఆసక్తి తగ్గుతుందన్నదీ అంతే నిజం. సేవలనూ సుస్థిరతనూ కలిపి రాసిన వ్యాసాల్లో ఈ కనీస హామీ గురించి చర్చ ఆశ్చర్యపోయేంత తక్కువ. నా దృష్టిలో అసలు విషయం చాలాసార్లు అక్కడే ఉంది.

శంకించేవారి పక్షం

అనుమానపడేవారంతా ఒకే మాట అనడం లేదు. మూడు రకాల అభ్యంతరాలున్నాయి.

మొదటిది ప్రోత్సాహకాల గురించి. 2012లో అగర్వాల్, ఫెర్గుసన్, తొక్తాయ్, థామస్ అమ్మకం కంటే లీజు పచ్చనిదా అన్న ప్రశ్నను గణితంతో పరీక్షించారు. పాత వస్తువులన్నీ చేతిలో ఉన్న కంపెనీ, అవి చవకగా బజారుకెక్కి తన కొత్త సరుకుకు పోటీ కాకుండా, ఆయుష్షు ఉండగానే వాటిని తొలగించవచ్చని చూపారు. యాజమాన్యం కంపెనీ దగ్గరుంటే మన్నిక పెరుగుతుందన్న మూల సూత్రానికే ఇది ఎదురు. మన లారీల ప్రపంచానికి అన్వయిస్తే విషయం తేటపడుతుంది. లాంగ్ రూట్‌లో తిరిగిన లారీ కొన్నేళ్లకు రెండో యజమాని చేతికి, ఆ తర్వాత ఇటుక బట్టీలకో ఇసుక రేవులకో చేరుతుంది. ఆ గొలుసు వల్ల పొగ పెరుగుతుంది, నిజమే. ఒక్కో లారీ ఆయుష్షు పొడవుగా సాగేదీ ఆ గొలుసు వల్లే.

రెండోది తిరగబడే పొదుపు గురించి. 1865లోనే స్టాన్లీ జెవన్స్ బొగ్గు విషయంలో దీన్ని గుర్తించాడు. వాడకం సమర్థంగా మారి చవకైతే మొత్తం వాడకమే పెరుగుతుంది. 2017లో జింక్, గయర్ దీన్నే పాత సరుకు పునర్వినియోగానికి వర్తింపజేశారు. రీకండిషన్ ఇంజన్ కొన్నవాడు కొత్త ఇంజన్ కొనడం మానేశాడా, లేక ఏదీ కొనలేని స్థితిలో ఉండి ఇది దొరికింది గనక కొన్నాడా అన్నది చూడాలి. రెండోదైతే మనిషికి మేలు జరిగింది, గనికి మాత్రం జరగలేదు. మన దేశంలో రెండో రకం కొనుగోలుదారులే ఎక్కువ అనుకోవడానికి కారణాలున్నాయి. పేదవాడికి అందుబాటు పెరగడాన్ని నష్టం కింద రాయడం న్యాయం కాదు. దాన్ని పర్యావరణ లాభం కింద రాసుకోవడమూ నిజాయితీ కాదు.

మూడోది, కంపెనీలే నిలబడగలవా అన్నది. 2008లో ఆండీ నీలీ పాతిక దేశాల్లో పది వేలకు పైగా సంస్థల లెక్కలు చూసి, సేవల్లోకి దిగిన పెద్ద కంపెనీలకు రాబడి పెరిగినా లాభాల శాతం తగ్గిందని చెప్పాడు. 1995 నుంచి అమెరికాలో ఇంటర్‌ఫేస్ కంపెనీ తివాచీలను అమ్మకుండా లీజుకివ్వబోతే కొనేవాళ్లు పెద్దగా ముందుకు రాలేదు. మిషెలిన్ లారీ టైర్లకు కిలోమీటర్ల లెక్కన వసూలు చేసే పథకాన్ని గాడిన పెట్టడానికి ఏళ్లు పట్టింది. లాభం లేని సేవను కంపెనీ మానేస్తుంది, దాంతో పర్యావరణ లాభమూ ఆగిపోతుంది.

కిలోమీటరు బస్సు, విశాఖ దీపాలు

తెలుగు నేల మీద మూడో మెట్టు ఎక్కువమంది కళ్లబడేది ఎలక్ట్రిక్ బస్సులోనే. 2019 మార్చిలో హైదరాబాద్‌లో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులు రోడ్డెక్కించింది. 2022లో తిరుమల, తిరుపతి దారుల కోసం ఏపీఎస్‌ఆర్టీసీ 100 బస్సులు తీసుకుంది. 2023లో తెలంగాణ ఆర్టీసీ మరో 550కి ఒప్పందం చేసుకుంది. ఇవన్నీ ఒలెక్ట్రా, దాని అనుబంధ సంస్థ ఈవీ ట్రాన్స్ వైపు నుంచి వచ్చినవి. బస్సు ఆర్టీసీది కాదు. కొనడం, డ్రైవర్‌ను పెట్టడం, నిర్వహణ చూడడం కంపెనీ పని. టికెట్ డబ్బులు ఆర్టీసీకి, కిలోమీటరుకు ఇంత అని కిరాయి కంపెనీకి. 2022లో కేంద్ర సంస్థ సీఈఎస్‌ఎల్ హైదరాబాద్ సహా అయిదు నగరాల కోసం 5,450 బస్సులకు ఒకేసారి టెండరు పిలిచినప్పుడు 12 మీటర్ల బస్సుకు కిలోమీటరు ధర 43 రూపాయల 49 పైసల దాకా దిగింది. అందులో తక్కువకు కోట్ చేసింది టాటా మోటార్స్. బెంగళూరులో 921 బస్సులను 12 ఏళ్ల పాటు నడిపే బాధ్యత కూడా ఆ గ్రూపు తీసుకుంది.

ఇక్కడ కొలమానం కిలోమీటరు. కంపెనీకి బస్సు మన్నిక ముఖ్యం, బ్యాటరీ జాగ్రత్త ముఖ్యం, కరెంటు ఖర్చు తన మీద ఉన్న చోట అదీ ముఖ్యం. ప్రయాణికుడు ఎక్కాడా లేదా అన్నది మాత్రం దాని లెక్కలో లేదు. కనీసం ఇన్ని కిలోమీటర్లకు హామీ ఇచ్చిన ఆర్టీసీ ఖాళీ బస్సునైనా తిప్పక తప్పని రోజులుంటాయి. కరెంటు ఎక్కువ భాగం బొగ్గుదే అయిన దేశంలో ఖాళీ కిలోమీటరుకు అర్థం లేదు. అయినా డీజిలు బస్సు కొనడానికే డబ్బుల్లేని రవాణా సంస్థలు ఒక్కసారిగా పెట్టుబడి పెట్టకుండా వందల బస్సులు తేగలిగాయంటే అది ఈ పద్ధతి పుణ్యమే. కార్మిక సంఘాలు దీన్ని దొడ్డిదారి ప్రైవేటీకరణ అంటున్నాయి. డిపోల్లో మెకానిక్కుల నేర్పు తరంతో పాటే పోతుందన్న వాళ్ల భయం న్యాయమైనది. సుస్థిరత మీద రాసే వ్యాసాలు దాన్ని పక్కన పెట్టకూడదు.

విశాఖ దీపాల కథ ఇంకో రకం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ ఎల్‌ఈడీలుగా మార్చింది. పెట్టుబడి ఆ సంస్థది, నగరపాలక సంస్థ కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో తీర్చాలి. ఈఈఎస్‌ఎల్ ఉత్పత్తిదారు కాకపోయినా ఈ నమూనాను ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో చెల్లింపు కొలమానం పొదుపే. సేవకూ సుస్థిరతకూ ఇంతకంటే దగ్గరి ముడి లేదు. కాకపోతే తర్వాత దేశంలో చాలా స్థానిక సంస్థలు ఈఈఎస్‌ఎల్‌కు బకాయిలు పడ్డాయి. పొదుపు జరిగినా ఆ డబ్బు వేరే ఖర్చుల్లో కలిసిపోయింది.

పక్కపక్కన పెట్టి చూస్తే దీపాల్లో కొలమానం సరైనది, డబ్బు నడక బలహీనం. బస్సులో డబ్బు నడక గట్టిది, కొలమానం సగమే సరైనది. లాడిల్‌లో రెండూ బాగానే ఉన్నా చివరి వ్యర్థానికి యజమాని లేడు. మొదటి మెట్టు లారీ సేవల్లో కొలమానమే లేదు.

ఉక్కు అమ్మేవాడి ఇరకాటం

ఇన్నాళ్లూ చర్చ యంత్రాలు చేసేవాళ్ల చుట్టూ తిరిగింది. ముడిసరుకు చేసేవాళ్ల పరిస్థితి వేరు. టాటా స్టీల్ కూడా సేవల్లోకి వచ్చింది. టాటా టిస్కాన్ రెడీబిల్డ్ పేరుతో ఊచలను డ్రాయింగ్ ప్రకారం కోసి, వంచి సైటుకు పంపుతుంది. మామూలుగా 12 మీటర్ల ఊచను సైటులో కోస్తే ప్రతి కొలతకూ ముక్కలు మిగిలి తుక్కులోకి పోతాయి. ఫ్యాక్టరీలో అనేక సైటుల కొలతలు కలిపి కోస్తారు గనుక ఆ ముక్కలు తగ్గుతాయి. అంటే అదే స్లాబుకు తక్కువ ఉక్కు సరిపోతుంది. తక్కువ ఉక్కు అమ్మి ఎక్కువ సంపాదించడం ఇక్కడ సాధ్యమైంది, చిన్న మేరలోనే అయినా. 2021లో హరియాణాలోని రోహ్‌తక్‌లో మొదలైన ఏటా 5 లక్షల టన్నుల తుక్కు ప్లాంటు, తుక్కు కొనడానికి పెట్టిన ఫెర్రోహాట్ యాప్ ఇంకో కొస.

అయితే అసలు దిశను నిర్ణయించేవి వేరే ఉన్నాయి. 2017 జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యం కావాలంటుంది. 2024 డిసెంబరులో ఉక్కు మంత్రిత్వ శాఖ ప్రకటించిన గ్రీన్ స్టీల్ ప్రమాణం టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారముంటే నక్షత్రాలిస్తుంది. రెండూ టన్నునే కొలుస్తాయి. ఒక వంతెనను తక్కువ ఉక్కుతో కట్టించినందుకు, ఒక లారీ చాసిస్ ఇంకో అయిదేళ్లు నడిచేలా చేసినందుకు అక్కడ నక్షత్రం లేదు. తలసరి ఉక్కు ఇంకా తక్కువే ఉన్న దేశం ఉక్కు పెంచుకోవడాన్ని తప్పుపట్టలేం. కాని టన్ను లెక్క ఒక్కదానితోనే నడిచే చోట సేవ ఎప్పుడూ పక్క వ్యాపారంగానే మిగులుతుంది.

జుస్కో సంగతికొస్తే, అది పండితులు చెప్పే అర్థంలో వస్తువు నుంచి పుట్టిన సేవ కాదు. అయినా ఒక పాఠముంది. ఊరి మురుగూ కర్మాగారపు నీటి అవసరమూ ఒకే సంస్థ కుటుంబం చేతిలో ఉండబట్టి, పట్టణ మురుగునీటిని శుద్ధిచేసి కర్మాగారానికి తిప్పడం సులువైంది. నదుల నుంచి తోడుకునే నీళ్లు ఆ మేరకు తగ్గుతాయి. టాటా స్టీల్ లీజు భూముల హద్దు దాటిన బస్తీల్లో ఈ సేవ ఇదే తీరున అందదన్నదీ ఈ ఊళ్లో అందరికీ తెలిసిందే. హద్దు లోపలి పొదుపును మాత్రమే లెక్కించే సుస్థిరత సగం లెక్క.

తేలనివి

ఒక్కో యంత్రం మీద తగ్గిన భారం మొత్తం మీద తగ్గిందా అన్నది తేల్చిన అధ్యయనాలు అరుదు. ఉన్నవి ఎక్కువగా ఐరోపావి. రిపేరు కొట్లు వీధికొకటి ఉండే దేశానికి అవి ఎంత వర్తిస్తాయో చూడాలి. అక్కడ కంపెనీ సేవ వచ్చేదాకా మరమ్మతే కరువు. ఇక్కడ కంపెనీ సేవ వస్తే వీధి మెకానిక్కు పని పోవచ్చు. సాఫ్ట్‌వేర్ తాళం వేసిన ఇంజన్‌ను అతను ముట్టుకోలేడు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మరమ్మతు హక్కు ప్రయత్నం ఈ విషయాన్ని తాకింది, ఇంకా చట్టంగా మారలేదు.

ఉద్యోగాల ప్రశ్న అంతకంటే బరువైనది. టాటా మోటార్స్‌లో కొన్ని రోజులు ఉత్పత్తి ఆపే బ్లాక్ క్లోజర్ ప్రకటించిన ప్రతిసారీ ఆదిత్యపూర్‌లో వందలాది చిన్న యూనిట్లలో షిఫ్టులు ఆగుతాయి. కొత్త లారీల సంఖ్య మీద బతికే ఆ యూనిట్లకు, పాత లారీల ఆయుష్షు పెంచే వ్యాపారంలో చోటు దొరికితేనే స్టాహెల్ లెక్క ఇక్కడ నిజమవుతుంది. గేర్‌బాక్సు విప్పి, కడిగి, కొలిచి, అరిగిన భాగం మార్చి, మళ్లీ బిగించే పనికి కొత్త దాన్ని బిగించే పని కంటే ఎక్కువ చేతులు, ఎక్కువ అనుభవం కావాలి. ఆ పని కంపెనీ సొంత కేంద్రాలకే పరిమితమైతే ఆదిత్యపూర్‌కు దక్కేది లేదు.

చట్టం ఒక వైపు నుంచి ఒత్తిడి మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కాలం చెల్లిన వాహనాల నిబంధనలు తయారీదారు మీద తుక్కు బాధ్యత పెట్టాయి. ఆ బాధ్యతను కొలిచేది వాహనంలోని ఉక్కు బరువుతో. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు బస్సు బ్యాటరీకి ఇదే చేస్తున్నాయి. పాత లిథియం బ్యాటరీల నుంచి లోహాలు రాబట్టే పద్ధతుల మీద బర్మామైన్స్‌లోని జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల పనిచేస్తోంది. వస్తువును తుక్కు చేసే బాధ్యతకు చట్టంలో బరువు కొలత దొరికింది. దాన్ని తుక్కు కాకుండా ఆపినవాడికి, అంటే చాసిస్‌నో గేర్‌బాక్సునో రెండోసారి రోడ్డెక్కించినవాడికి, ఆ నిబంధనల కింద ఎంత జమ రాయాలన్నది కంపెనీలూ, ఆదిత్యపూర్ యూనిట్ల సంఘాలూ, ఢిల్లీలోని శాఖలూ కూర్చుని తేల్చుకోవాల్సిన తర్వాతి ప్రశ్న.